నిశానీకి కాపలా ఎవరు?

తెలంగాణ రాష్ట్ర ప్రభుత్వ ప్రధాన కార్యదర్శి గారికి,


నారాయణఖేడ్‌లో పాతతరం వాళ్లు వేలిముద్రను ఇప్పటికీ నిశానీ అనే అంటారు. ‘నిశానీ పెట్టు’ అనగానే బొటనవేలు దానంతటదే ముందుకొస్తుంది. ఒకప్పుడు ఆ వేలు పట్వారీ దగ్గర, షావుకారి దగ్గర పెట్టేవాళ్లు. ఏ కాగితం మీద పెట్టారో, ఆ కాగితం ఎవరి పెట్టెలో ఉందో కనీసం ఊళ్లో పదిమందికి తెలిసేది. ఇప్పుడు రేషన్ బియ్యానికి నిశానీ, పింఛనుకు నిశానీ, బ్యాంకు డబ్బుకు నిశానీ, సిమ్ కార్డుకు నిశానీ, భూమి రిజిస్ట్రేషన్‌కు నిశానీ. వేలు మాత్రం అదొక్కటే. అది పడిన ప్రతిచోటా దాన్ని ఎవరు చూస్తున్నారో, ఎవరు దాస్తున్నారో పెట్టినవాళ్లకు తెలియదు.

ఈ లేఖ ఆ వేలి గురించి. దాంతోపాటు ప్రభుత్వం చేతికి అందిన పేరు, కులం, ఫోన్ నంబరు, ఖాతా నంబరు గురించి.

ఖేడ్ పరిసర గ్రామాల్లో బ్యాంకు శాఖ లేని చోట మినీ బ్యాంకే దిక్కు. చిన్న గది, ఒక కంప్యూటర్ లేదా ఫోన్, దానికి వైరుతో తగిలించిన అగ్గిపెట్టెంత యంత్రం. పత్తి ఏరి, చెరకు నరికి గీతలు అరిగిపోయిన వేలు దాని మీద మొదటిసారి పడదు. నీళ్లతో కడుక్కొని రమ్మంటారు. పెద్దమ్మ కొంగుకు తుడుచుకొని మళ్లీ పెడుతుంది. మళ్లీ పడదు. నూనె అంటుతుందని తల మీద ఒకసారి రుద్దుకొని మూడోసారి పెడుతుంది. నాలుగోసారికి యంత్రం ఒప్పుకుంటుంది. ఆ నాలుగు నొక్కుల్లో ఎన్ని నిజంగా విఫలమయ్యాయి? ఒకసారికి బదులు రెండుసార్లు ఖాతాలోంచి డబ్బు పోయిందా? చెప్పాల్సింది యంత్రం ఇచ్చే చీటీ. ఆ చీటీ చాలాసార్లు చేతికి రాదు, వచ్చినా ఇంగ్లిషులో ఉంటుంది. బ్యాంకు పంపే సందేశం హైదరాబాద్‌లో కూలి చేసుకుంటున్న కొడుకు ఫోన్‌కు పోతుంది. అదీ ఖాతాకు నంబరు జోడించి ఉంటేనే.

అయ్యా, ప్రభుత్వమూ, పోలీసులూ, బ్యాంకులూ జనానికి రోజూ చెప్పే జాగ్రత్తలు మంచివే. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు, తెలియని లింకు నొక్కొద్దు అని తరచూ వినిపిస్తూనే ఉంది. కానీ ఆధార్‌తో నడిచే ఈ చెల్లింపు పద్ధతిలో ఓటీపీయే లేదు. ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర ఉంటే చాలు, ఒక్కసారికి పదివేల దాకా తీయొచ్చు. చదువురాని మనిషికి బ్యాంకును దగ్గర చేసిన మంచి ఏర్పాటే ఇది, కాదనేవారు లేరు. అయితే ఆధార్ నంబరూ, వేలిముద్రా కూలివాడి నోటి నుంచి జారిపోలేదు. వాటిని నడిబజార్లో పెట్టింది సర్కారు వెబ్‌సైటే.

2018 జూన్‌లో హైదరాబాద్ పోలీసులు ఛేదించిన కేసు మీ శాఖల్లో అందరికీ గుర్తుండాలి. పెద్దపల్లి జిల్లా ధర్మారంలో సిమ్ కార్డులు అమ్మే ఒక యువకుడు రిజిస్ట్రేషన్ల శాఖ వెబ్‌సైట్‌లోకి వెళ్లి భూముల దస్తావేజులు దించుకున్నాడు. కొన్నవాళ్లవి, అమ్మినవాళ్లవి వేలిముద్రలు అందులోనే ఉన్నాయి. పేర్లూ, ఆధార్ నంబర్లూ అందులోనే ఉన్నాయి. రబ్బరు స్టాంపులు తయారుచేసే మామూలు యంత్రంతో ఆ ముద్రలను రబ్బరు మీదికి దింపాడు. వాటిని సిమ్ అమ్మే యంత్రం మీద నొక్కి వేలకొద్దీ సిమ్ కార్డులు యాక్టివేట్ చేశాడు. అమ్మకాల లక్ష్యం చేరడానికే ఆ పని చేశానన్నాడని అప్పట్లో పత్రికలు రాశాయి. ఆ తర్వాతి ఏళ్లలో ఇదే దారిలో రబ్బరు వేళ్లు తయారుచేసి ఖాతాల్లోంచి డబ్బు లాగిన ముఠాలను కూడా పోలీసులు పట్టుకున్నారు.

అతను ఏ కంప్యూటర్ గోడా బద్దలుకొట్టలేదు. తలుపు తీసి ఉంది, లోపలికి వెళ్లాడు, అంతే. కంచే చేను మేస్తే అని సామెత. ఇక్కడ కంచె చేను మేయకపోయినా, అసలు కంచె వేయడమే మరిచారు.

పాస్‌వర్డ్ పోతే మార్చుకోవచ్చు. ఏటీఎం కార్డు పోతే కొత్తది వస్తుంది. బొటనవేలు పోతే కొత్త బొటనవేలు ఎక్కడ దొరుకుతుంది? ధర్మారం కేసులో ఎవరి ముద్రలు రబ్బరు మీదికెక్కాయో వాళ్లు బతికినంతకాలం అదే వేలితో బతకాలి.

ఆధార్ సంస్థ దీనికి ఒక తాళం ఇచ్చింది. ఆధార్ యాప్‌లో గానీ, ఆ సంస్థ వెబ్‌సైట్‌లో గానీ వేలిముద్రలకు తాళం వేసుకోవచ్చు, అవసరమైనప్పుడు కాసేపు తీసుకోవచ్చు. మంచి ఏర్పాటు. కానీ దానికి ఆధార్‌తో జోడించిన ఫోన్ నంబరు కావాలి, ఆ నంబరుకు వచ్చే సంకేతాన్ని చదివి కొట్టగలగాలి. పైగా తాళం వేసుకున్న మనిషి రేషన్ దుకాణం ముందు నిలబడినప్పుడు మళ్లీ తీసుకోవాలి. స్మార్ట్‌ఫోన్ ఉన్న డిగ్రీ విద్యార్థికి ఇది రెండు నిమిషాల పని. కంగ్టి మండలం తండాలో బటన్ల ఫోన్ వాడే ముసలాయనకు ఆ తాళంచెవి అందదు. ఎవరి ఖాతాలో ఉపాధి కూలి తప్ప మరేమీ ఉండదో, వాళ్లకే రక్షణ దూరంగా ఉంది. ఈ తప్పు దిద్దగలిగింది ప్రభుత్వమే.

ఇక కాగితాల సంగతి. 2014 ఆగస్టు 19న రాష్ట్రం మొత్తం ఆగిపోయిన రోజు ఖేడ్ జనానికి బాగా గుర్తు. సమగ్ర కుటుంబ సర్వేకు ఇంట్లో లేకపోతే పథకాలు పోతాయేమోనన్న భయంతో వలసపోయినవాళ్లు రైళ్లూ బస్సులూ పట్టుకొని సొంతూళ్లకు వచ్చారు. ఒక్కరోజులో కోటికి పైగా కుటుంబాల వివరాలు రాశారు. ఇంట్లో ఎవరెవరు, ఏ కులం, ఏ రోగం, ఏ బండి, ఏ బ్యాంకు ఖాతా, అన్నీ రాశారు. ఇది స్వచ్ఛందమేనని ప్రభుత్వం హైకోర్టులో చెప్పింది. ఊరికి పరుగెత్తుకొచ్చిన మనిషికి ఆ మాట ఎవరూ చెప్పలేదు.

2023 డిసెంబరు 28 నుంచి 2024 జనవరి 6 దాకా ప్రజాపాలన దరఖాస్తులు తీసుకున్నారు. కోటికి పైగా వచ్చాయి. ఆధార్ నంబరు, రేషన్ కార్డు నంబరు, ఫోన్ నంబరు రాసి, నకళ్లు జతచేసి, వరుసల్లో నిలబడి ఇచ్చారు జనం. గడువు ముగిసిన రెండు రోజులకే ఆ దరఖాస్తులు హైదరాబాద్ బాలానగర్ ఫ్లైఓవర్ మీద గాలికి ఎగిరాయి. కంప్యూటర్లోకి ఎక్కించడానికి వాటిని కిరాయి బైకు మీద, అట్టపెట్టెలో పెట్టి పంపారు. పెట్టె కట్టు ఊడింది, వందల కాగితాలు రోడ్డున పడ్డాయి. దారినపోయేవాళ్లు ఏరి చూస్తే జనం ఇంటిపేర్లు, ఆధార్ నంబర్లు. కొందరు ఉద్యోగుల మీద చర్య తీసుకున్నారు. 2024 నవంబరులో మొదలైన ఇంటింటి కుటుంబ సర్వే పత్రాలు మేడ్చల్ దగ్గర రోడ్డు మీద దొరికాయని మళ్లీ వార్తలు. ఏడాది తిరగకుండా రెండుసార్లు.

ఆ కాగితాలు ఎవరివో వాళ్లందరికీ ఎవరైనా కబురు చేయాలి కదా! ‘అమ్మా, మీ వివరాలు రోడ్డున పడ్డాయి, బ్యాంకు ఖాతా ఒకసారి చూసుకోండి’ అని ఒక్క ఉత్తరం ముక్క రాయడం న్యాయం. బాలానగర్‌లో ఎగిరిన దరఖాస్తుల్లో ఖేడ్‌వి లేకపోవచ్చు. ఖేడ్ నుంచి వెళ్లినవి ఏ పెట్టెలో, ఏ బండి మీద ప్రయాణించాయో, ఇప్పుడు ఎక్కడున్నాయో మాత్రం జనానికి తెలియాలి.

కాగితమే నయం, కనీసం కంటికి కనిపిస్తుంది. ఇదే తీరు కంప్యూటర్లలో ఇంకా పెద్ద ఎత్తున జరిగింది. హైదరాబాద్‌కు చెందిన పరిశోధకుడు శ్రీనివాస్ కొడాలి, అంబర్ సిన్హాతో కలిసి 2017 మేలో ఒక నివేదిక రాశారు. నాలుగు ప్రభుత్వ వెబ్‌సైట్లలోనే పదమూడు కోట్ల దాకా ఆధార్ నంబర్లు ఎవరైనా చూసేలా పడి ఉన్నాయని తేల్చారు. ఆ నాలుగింటిలో రెండు ఆంధ్రప్రదేశ్‌వి. ఉపాధి హామీ చెల్లింపులది ఒకటి, చంద్రన్న బీమాది ఒకటి. ఎండలో మట్టి తవ్వినవాళ్ల నంబర్లు, ఇంటిపెద్ద చనిపోతే బీమా కోసం పేరు రాయించుకున్నవాళ్ల నంబర్లు అవి.

2024 జూన్‌లో వంతు మన పోలీసు శాఖది. ఆపదలో ఉన్న ఆడవాళ్లు మీట నొక్కితే పోలీసులు వస్తారని చెప్పి లక్షలమంది చేత పెట్టించిన హాక్ ఐ యాప్‌లోని వివరాలు బయటికి పోయాయి. ఉత్తరప్రదేశ్‌కు చెందిన ఇరవై ఏళ్ల విద్యార్థి వాటిని నూటయాభై డాలర్లకు బేరం పెట్టాడు. మన లెక్కలో పన్నెండు వేల చిల్లర. తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో అతన్ని త్వరగానే పట్టుకుంది. ఆ వేగాన్ని మెచ్చుకోవాల్సిందే. కానీ భయపడి మీట నొక్కిన అమ్మాయి పేరు, నంబరు, ఏ చోట నిలబడి నొక్కిందో ఆ వివరం అంగడికెక్కింది. దొంగను జైలుకు పంపినంత మాత్రాన అది వెనక్కి రాదు.

వివరాలు బయటికి పోవడం ఒక ప్రమాదం. లోపలే ఉండి మనిషి మీద తిరగబడటం ఇంకో ప్రమాదం. దీని గురించి తక్కువ మాట్లాడతారు కాబట్టి కాస్త వివరంగా చెప్పాలి.

సమగ్ర వేదిక అనే వ్యవస్థలో ప్రభుత్వం దాదాపు ముప్పై శాఖల సమాచారాన్ని కలిపింది. వాహనాల రికార్డు, కరెంటు బిల్లు, ఆస్తిపన్ను, భూమి అన్నీ ఒకచోట చేర్చి పేరునుబట్టి, చిరునామానుబట్టి ‘ఈ మనిషి, ఆ మనిషి ఒకరే’ అని కంప్యూటర్ తేలుస్తుంది. రాష్ట్రంలో 2014 నుంచి 2019 మధ్య 18 లక్షలకు పైగా ఆహార భద్రతా కార్డులు రద్దయ్యాయి. చాలామందికి ముందస్తు నోటీసు లేదు. హైదరాబాద్‌లో ఒక వృద్ధ వితంతువు కథను అల్ జజీరా 2024 జనవరిలో ప్రచురించింది. ఆమె భర్త రిక్షా తొక్కేవాడు. అతని పేరుకు దగ్గరగా ఉన్న పేరుతో ఇంకెవరికో కారు ఉంది. యంత్రం ఆ కారును ఈ రిక్షావాడి నెత్తిన పెట్టింది. రేషన్ ఆగింది. కారు మాది కాదని ఆమె ఏళ్ల తరబడి కార్యాలయాల చుట్టూ తిరిగింది.

హైదరాబాద్ సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ వేసిన పిటిషన్ మీద 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ రద్దయిన కార్డులను క్షేత్రస్థాయిలో తిరిగి పరిశీలించమంది. ఆ ఏడాది జులై నాటికి పరిశీలించిన 2,05,734 దరఖాస్తుల్లో 15,471 మంది అర్హులని తేలింది. నూటికి ఏడుగురికి పైగా. చెరకు సీజన్‌కు తండాలు సగం ఖాళీ అయ్యే ఖేడ్‌లాంటి చోట ఈ లెక్కకు ఇంకో కోణం ఉంది. దసరా, దీపావళి దాటాక పిల్లాపాపలతో కర్ణాటకకో, మహారాష్ట్రకో చెరకు నరకడానికి పోయినవాళ్ల కార్డు ఆ నెలల్లో రద్దయితే చెప్పడానికి ఇంటి తలుపుకు తాళం తప్ప ఎవరుంటారు? తిరిగొచ్చాక బియ్యం కోసం వెళ్తేనే విషయం తెలుస్తుంది.

ఖేడ్ జనం ప్రైవేటువాళ్ల సంగతి వదిలేశారనుకోకండి. 2020 డిసెంబరులో అప్పుల యాప్‌ల వేధింపులకు తెలంగాణలో ప్రాణాలు పోయాయి. ఉమ్మడి మెదక్ జిల్లాలోని సిద్దిపేటలో వ్యవసాయ శాఖలో పనిచేసే యువతి ఆత్మహత్య చేసుకుంది. ఆ యాప్‌లు ఫోన్‌లోని నంబర్ల జాబితా మొత్తం లాక్కొని, బంధువులకు, స్నేహితులకు సందేశాలు పంపి పరువు తీసేవి. ఆ దెబ్బ తర్వాత రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరులో నియమాలు తెచ్చింది. అప్పిచ్చే యాప్ ఫోన్‌లోని నంబర్లను, ఫొటోలను తాకకూడదంది. ప్రైవేటు కంపెనీకి గీసిన ఆ గీత, ప్రభుత్వం తనకు తాను గీసుకోవాలనేదే ఖేడ్ అడుగుతున్నది.

గోప్యత పట్నవాసుల మాట అని, పల్లెలో ఒకరి సంగతి ఒకరికి తెలియనిదేముందని అనేవాళ్లున్నారు. వాళ్లు పల్లెను చూడలేదు. గుట్టుగా బతకడం అనే మాట ఎక్కడ పుట్టింది? ఇంటి గుట్టు లంకకు చేటని ఎవరన్నారు? అప్పుందన్న సంగతి, ఇంట్లో ఒకరికి టీబీ ఉందన్న సంగతి, కూతురి సంబంధం తప్పిపోయిందన్న సంగతి దాచుకొని తలెత్తుకు నడిచేది పల్లెల్లోనే. ఆస్తి లేని ఇంటికి ఆ గుట్టే ఆస్తి.

2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కని ఏకగ్రీవంగా తీర్పిచ్చారు. ఆ కేసు వేసినది కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి. ఆయన హైదరాబాద్‌లో ఆంధ్రప్రదేశ్ పరిపాలనా ట్రిబ్యునల్ ఛైర్మన్‌గానూ పనిచేశారు. ఎనభై ఆరేళ్ల వయసులో ఆధార్ మీద కోర్టుకెక్కిన ఆ పెద్దాయన 2024 అక్టోబరులో కన్నుమూశారు. ఆ తీర్పు దారిలోనే 2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. సమాచారం బయటికి పొక్కితే ఆ మనిషికి ఆలస్యం చేయకుండా చెప్పాలని ఆ నియమాలు అంటున్నాయి. రక్షణ ఏర్పాట్లలో లోపానికి జరిమానా 250 కోట్ల దాకా ఉంది. కానీ ఆ జరిమానా కేంద్ర సంచిత నిధికి పోతుంది, నష్టపోయినవాడి చేతికి రాదు. ముఖ్యమైన బాధ్యతలు అమలులోకి రావడానికి పద్దెనిమిది నెలల గడువిచ్చారు. పథకాల కోసం ప్రభుత్వం తీసుకునే సమాచారానికి విడిగా సమ్మతి అడగక్కర్లేదన్న వెసులుబాటూ ఆ చట్టంలోనే ఉంది.

ఆ వెసులుబాటు దగ్గరే ఖేడ్ ప్రజలకూ పట్నవాసులకూ మధ్య ఉన్న అసలు తేడా తెలుస్తుంది. పట్నంలో ఒక యాప్ నచ్చకపోతే తీసేయొచ్చు. పింఛను నచ్చక వదిలేసే ముసలమ్మ ఉండదు. ఇవ్వనని అనే వీలు లేనివాళ్ల దగ్గర తీసుకుంటున్నప్పుడు, దాచే బాధ్యత మొత్తం తీసుకున్నవాళ్లదే అవుతుంది. జాగ్రత్త జనం నేర్చుకోవాలనడం సగం మాటే.

అందుకే అయ్యా, మీ చేతిలో ఉన్న పనులే ఖేడ్ జనం అడుగుతున్నారు. ఢిల్లీ గడువు కోసం ఆగక్కర్లేదు. రిజిస్ట్రేషన్ దస్తావేజుల నకళ్లలో వేలిముద్ర, ఆధార్ నంబరు ఎక్కడా కనిపించకుండా కప్పేయమని ఆదేశమివ్వండి. కొత్తవే కాదు, కంప్యూటర్లలో ఉన్న పాత దస్తావేజుల్లోనూ. ప్రతి మీ సేవ కేంద్రంలో, ప్రతి పంచాయతీలో వేలిముద్రల తాళం ఉచితంగా వేసిపెట్టే ఏర్పాటు చేయమని ఆధార్ సంస్థతో మాట్లాడండి. ఫోన్ లేనివాళ్లకు దారి చూపకుండా ఆ పని పూర్తయినట్టు కాదు. కంప్యూటర్ అనర్హుడన్న మాట మీద ఏ కార్డూ, ఏ పింఛనూ ఆగకూడదు. మనిషి ఇంటికి వెళ్లి, తెలుగులో కాగితమిచ్చి, వలస నుంచి తిరిగొచ్చేదాకా గడువిచ్చాకే నిర్ణయం. దరఖాస్తుతో పాటు ఆధార్ నకలు అడిగే ప్రతి కార్యాలయం చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే ఆధార్ ప్రతిని తీసుకోవాలి. ఆధార్ సంస్థ బెంగళూరు కార్యాలయం 2022 మేలో నకళ్లు ఎక్కడపడితే అక్కడ ఇవ్వొద్దని ప్రకటన చేసింది, రెండు రోజులకే ఆ ప్రకటన వెనక్కి పోయింది. జనానికి మిగిలింది అయోమయం. మన రాష్ట్రం మటుకైనా ఒక స్పష్టమైన మాట చెప్పాలి.

మళ్లీ ఎక్కడైనా కాగితాలు రోడ్డున పడితే, వివరాలు అంగడికెక్కితే, ఎవరివి పోయాయో వాళ్లకు వారంలోగా తెలుగులో తెలియజేయండి. తప్పు జరిగిందని ఒప్పుకుంటే ప్రభుత్వం చిన్నబోదు.

ఈ లేఖ చదివే ఖేడ్ పాఠకులకూ ఒక మాట. ఖాతాలో డబ్బు మీకు తెలియకుండా పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి, గంటలు గడిచేకొద్దీ సొమ్ము చేతులు మారుతుంది. ఆధార్ సందేహాలకు 1947 ఉంది, తెలుగులో మాట్లాడతారు. మినీ బ్యాంకులో వేలు పడినా పడకపోయినా చీటీ అడిగి తీసుకోండి. జిరాక్స్ షాపులో చెడిపోయిన ఆధార్ నకలు అక్కడే వదిలేయకుండా చింపి వెంట తెచ్చుకోండి.

ప్రధాన కార్యదర్శి గారూ, మొదటి అడుగుగా ఒక బోర్డు పెట్టించండి. ఈ కార్యాలయంలో మీ దగ్గర ఏ వివరాలు తీసుకుంటున్నాం, ఎందుకు, ఎన్నాళ్లు ఉంచుతాం, పోతే ఎవరిని అడగాలి అని పెద్ద అక్షరాల్లో తెలుగులో రాసిన బోర్డు. ఖేడ్‌లో కన్నడం, మరాఠీ మాట్లాడేవాళ్లూ, లంబాడీలూ ఉన్నారు కాబట్టి అక్కడి ఉద్యోగి చదివి వినిపించాలన్న ఆదేశం కూడా. ఈ ఏడు చెరకు బండ్లు కదిలేలోగా ఆ బోర్డు నారాయణఖేడ్ తహసీల్దార్ కార్యాలయం గోడ మీద కనిపించాలని కోరుతూ,

నారాయణఖేడ్, సంగారెడ్డి జిల్లా